చదవని పేరా

పోయిన వారం స్టెనోగారిని వంటింటి గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. ఒక చేతిలో పాలగిన్నె, ఎదురుగా కూతురు, కూతురి చేతిలో సంతకాలు పడని రాజీ కాగితం. మనకి వారం గడిచింది గానీ ఆవిడకి రెప్పపాటు కూడా గడవలేదు. గిన్నెలో పాలు ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయి.

మరిచిపోయిన వాళ్ళ కోసం, ఇవాళే ఈ కథలోకి అడుగుపెట్టిన వాళ్ళ కోసం నాలుగు మాటలు. స్టెనోగారు పెద్ద కోర్టులో, అందరిలోకీ పెద్ద జడ్జిగారి దగ్గర ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తోంది. ఆయన చెప్పింది రాసుకోవడం, రాసుకున్నది టైపు చెయ్యడం, చేసింది మరిచిపోవడం ఆవిడ ఉద్యోగం. ఇద్దరు ఆడవాళ్ళు గానీ ఇద్దరు మగవాళ్ళు గానీ చట్టప్రకారం పెళ్ళి చేసుకోవచ్చా అన్న కేసులో ఇవాళ పదిన్నరకి ఐదుగురు జడ్జీలు తీర్పు చెబుతారు. నాలుగు రోజుల కిందట పెద్ద జడ్జిగారు తలుపులు మూసి, గదిలో అటూ ఇటూ పచార్లు చేస్తూ, తన తీర్పు చెప్పి రాయించారు. డెబ్భై ఒక్క పేజీలు. కుదరదు అన్నదే వాటి సారాంశం. ఆనాటినుంచి స్టెనోగారికి ముద్ద దిగడం లేదు.

ఎందుకంటే ఆవిడ కూతురు తొమ్మిదేళ్ళుగా ఒక ఈత టీచరుతో కాపురం చేస్తోంది. కూతురిది లిఫ్టులు బాగుచేసే పని. టీచరు అక్కా బావా రెండేళ్ళ కిందట రోడ్డు ప్రమాదంలో పోయారు. వాళ్ళ పిల్ల గువ్వ, ఆరేళ్ళది, అప్పటినుంచి వీళ్ళ చేతుల్లోనే పెరుగుతోంది. టీచరుని పిన్ని అనీ, కూతురిని పెద్దపిన్ని అనీ పిలుస్తుంది. పిల్లని తనకి అప్పగించమని దాని పెదనాన్న కేసు వేశాడు. మీరిద్దరూ పెళ్ళయిన జంట అయితే దత్తతకి అభ్యంతరం లేదు, కాకుంటే మాత్రం పెదనాన్న ఇంటికే పంపాలి అని కింది కోర్టు చెప్పి, పెద్ద కోర్టు తీర్పు వచ్చేదాకా ఆగింది. ఈలోగా పెదనాన్నకి కూడా లోపల బెరుకు పుట్టినట్టుంది. మొన్న తన లాయరు చేత ఒక కాగితం పంపించాడు. తీర్పుకి ముందే, పదిన్నర లోపల, సంతకాలు పెట్టి పిల్లని ఇచ్చేస్తే ప్రతి శని, ఆదివారాలు మీ దగ్గరికి పంపిస్తాను. పదిన్నర దాటితే ఆ మాట ఉండదు. ఓడిపోయారా, పిల్లని చూస్తామని నా గుమ్మం ఎక్కొద్దు.

ఇదీ సంగతి. ఇప్పుడు పాలగిన్నె దగ్గరికి వెళదాం.

"జడ్జిగారు ఏం రాశారని నేను అడగట్లేదమ్మా," అంది కూతురు. పని బట్టల్లోనే వచ్చింది. పైజేబులోంచి స్క్రూడ్రైవరు పిడి తొంగిచూస్తోంది. "సంతకం పెట్టమంటావా, వద్దంటావా? అదొక్కటే. ఏ తల్లయినా కూతురికి చెప్పే సలహా."

"నేను ఏ తల్లినైనా కాదు గదే."

"అది నాకు చిన్నప్పుడే తెలుసులే. నా పరీక్ష ఫలితాలు నీకు ముందే తెలిసినా, అందరితో పాటు బడి గోడ మీద చూసుకో అన్నదానివి."

"పాసయ్యావు కదా!"

"అది గోడ దగ్గరికి వెళ్ళేదాకా నాకు తెలియదు కదమ్మా. దారిపొడుగునా ఏడుస్తూ వెళ్ళాను."

స్టెనోగారు గిన్నె దించింది. నిజానికి ఆవిడ తెల్లవారుజామునే ఒక నిర్ణయానికి వచ్చేసింది. పెట్టెయ్యండి. ఆ ఒక్క మాట చెప్పేస్తే చాలు. తీర్పులో ఏముందో బయటపెట్టినట్టు కాదు, ప్రమాణం తప్పినట్టూ కాదు. వారానికి రెండు రోజులైనా గువ్వ వీళ్ళ మంచం మీద పడుకుంటుంది. పళ్ళు తోముకుంటూ ఒకసారి, జడ వేసుకుంటూ ఒకసారి ఆ మాటని నోట్లో తిప్పుకుని చూసుకుంది. మామూలు మాటలాగే ఉంది.

కానీ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడకి పని నేర్పిన పెద్దక్క అనే ముసలావిడ ఉండేది. ఆవిడ ఒకసారి తన సొంత తమ్ముడికి, వాడి మేలు కోరి, రేపటి తీర్పులోంచి ఒకే ఒక్క ముక్క చెప్పింది. ఆ ముక్క పట్టుకుని వాడు ఒక కాగితం మీద సంతకం పెట్టాడు. మర్నాడు పొద్దున జడ్జిగారు చివరి పేజీ మార్చి చదివారు. తమ్ముడు మళ్ళీ జన్మలో అక్కతో మాట్లాడలేదు. "మన చేతుల్లో ఉన్నది తీర్పు కాదే పిల్లా, కాగితం. చదివి వినిపించినప్పుడే అది తీర్పవుతుంది," అనేది పెద్దక్క.

"అమ్మమ్మా!"

గువ్వ బూట్లు చేత్తో పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. ఒక కాలికి మేజోడు ఉంది, రెండో కాలికి లేదు.

"నీకు తీర్పు తెలుసంటగా?"

"ఎవరన్నారే?"

"పిన్ని. అమ్మమ్మ నోటికి తాళం వేశారు, తాళంచెవి జడ్జిగారి జేబులో ఉంది అంది. ఏదీ, చూపించు."

స్టెనోగారు వంగింది. పిల్ల రెండు చేతులతో ఆవిడ దవడలు పట్టుకుని, నూతిలోకి తొంగిచూసినట్టు నోట్లోకి తొంగిచూసింది. స్టెనోగారి నోరు తెరుచుకునే ఉంది. పెట్టెయ్యండి అన్న మాట బయటికి రావడానికి అడ్డమేమీ లేదు. కూతురు చూస్తోంది. గోడ గడియారం చూస్తోంది. మాట నాలుక చివరిదాకా వచ్చి అక్కడే కూలబడింది.

"తాళం లేదు," అంది గువ్వ నిరాశగా. "ఒక పన్ను లేదంతే."

కూతురికి నవ్వొచ్చింది. నవ్వుతోనే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చెప్పమ్మా," అంది.

స్టెనోగారు నిటారుగా నిలబడి, కొంగుతో చేతులు తుడుచుకుంది. తడి లేని చేతుల్ని చాలాసేపు తుడుచుకుంది.

"నా మొహం చూసి మాత్రం మీరు ఏదీ చెయ్యొద్దు," అంది చివరికి.

కూతురు ఆ మొహాన్నే చూసింది. నాలుగు రోజులుగా నిద్ర లేని మొహం. కళ్ళ కింద నల్లటి చారలు, పెదవుల చివర వణుకు. అంతకన్నా పెద్ద అక్షరాలతో ఎవరూ ఏ కబురూ రాయలేరు.

"సరే. అర్థమైంది," అంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి స్క్రూడ్రైవరు పక్కన దోపుకుంది. గువ్వకి రెండో మేజోడు తొడిగి, బూట్లు కట్టి, చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. గేటు దగ్గర ఈత టీచరు నిలబడి ఉంది. తల్లీకూతుళ్ళ మధ్యకి రావడం ఇష్టం లేక టీచరు గేటు దాటి లోపలికి రాలేదు. జుట్టు ఎప్పటిలాగే తడిగా ఉంది. "ఆంటీ, ఏదైనా తిని వెళ్ళండి. ఖాళీ కడుపుతో వెళ్ళకండి," అని అక్కడినుంచే కేకేసింది. తొమ్మిదేళ్ళుగా ఆంటీ అనే పిలుస్తుంది. మొదటి ఆరేళ్ళూ స్టెనోగారు ఆ పిలుపుకి సరిగ్గా పలికేది కూడా కాదు. అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

వాళ్ళు మలుపు తిరిగాక గాని స్టెనోగారికి తట్టలేదు. నా మొహం చూసి ఏదీ చెయ్యొద్దు అంటే, నా మొహంలో ఏదో ఉందని చెప్పినట్టే కదా. చెప్పకుండా చెప్పేసింది. పాతికేళ్ళు నోరు కట్టేసుకుని, ఆఖరికి మొహంతో వాగేసింది.

*

బస్సులో నిలబడే చోటు కూడా లేదు. అందరి చేతుల్లోనూ పేపరే, అందరి నోళ్ళలోనూ అదే గోల.

"ఇద్దరు ఆడవాళ్ళు కాపురం పెడితే చెత్తబుట్ట ఎవరు బయట పెడతారండీ?" అన్నాడు కిటికీ పక్క బట్టతలాయన, పెద్ద చిక్కుముడి వేసినవాడిలా.

"మా ఇంట్లో ఇద్దరం ఆడా మగా ఉన్నాం. పాతికేళ్ళుగా నేనే పెడుతున్నాను," అంది వెనక సీటులోని కూరగాయల సంచీ ఆవిడ.

బస్సంతా నవ్వింది. బట్టతలాయన భార్య కాబోలు, అందరికన్నా గట్టిగా నవ్వింది.

"నవ్వులాట కాదమ్మా," అన్నాడు ఇంకొకాయన. పెద్దవాడు, మాటలో మర్యాద ఉంది. "వాళ్ళ ఇష్టం వాళ్ళది. నాకేం కోపం లేదు. పిల్లల సంగతే నా బాధ. పిల్లకి ఒక అమ్మా, ఒక నాన్నా ఉండాలి."

"ఉంటే మంచిదే. లేనప్పుడు?" అంది సంచీ ఆవిడ.

ఆయన పేపరు మడిచి చంకలో పెట్టుకున్నాడు. స్టెనోగారు పైనున్న కమ్మీ పట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆయన అన్న మాటే, ఇంకొంచెం బరువైన భాషలో, ఆవిడ తన చేతులతో టైపు చేసింది. అరవై రెండో పేరా. అటువంటి ఇంట్లో పెరిగే బిడ్డకు అది నీడే గాని ఇల్లు కాజాలదు. చెప్పి రాయిస్తున్నప్పుడు ఆ వాక్యం దగ్గర ఆవిడ వేళ్ళు ఆగిపోతే జడ్జిగారు కూడా ఆగారు. "ఏమైనా తప్పుందా?" అని అడిగారు. "లేదండీ," అంది. వేళ్ళు మళ్ళీ కదిలాయి.

కోర్టు ముందు రెండు గుంపులు, మధ్య తాడు, తాడు పొడుగునా పోలీసులు. సెల్‌ఫోన్లన్నీ గేటు దగ్గరే చెక్క గూళ్ళలో పెట్టేయాలి. స్టెనోగారు తన ఫోను గూట్లో పెట్టేముందు ఒకసారి చూసుకుంది. పది దాటింది. ఏ కబురూ లేదు. కబురు ఎందుకుంటుంది? ఈపాటికి లాయరు ఆఫీసుకి చేరి ఉంటారు. పెన్ను అడిగి ఉంటారు.

లోపల వరండాలో మిగతా నలుగురు జడ్జీల స్టెనోలు ఎదురయ్యారు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. అది అక్కడి ఆచారం. ఏడాదంతా ఒకే బల్ల చుట్టూ డబ్బాలు విప్పుకుని తింటారు. ఒకరి డబ్బాలో చెయ్యి ఇంకొకరిది. పెద్ద తీర్పున్న వారం మాత్రం ఎవరి బల్ల దగ్గర వాళ్ళు, గోడవైపు తిరిగి తింటారు. ఒక జడ్జిగారి మనసులో మాట ఇంకో జడ్జిగారి స్టెనోకి మొహాల మీదుగా పాకకూడదని. అందుకే స్టెనోగారికి తన డెబ్భై ఒక్క పేజీలు తప్ప వేరే ఏమీ తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. ఆయన పెద్ద జడ్జి అయిన ఈ పద్నాలుగేళ్ళలో ఏ ఐదుగురు కూర్చున్నా, ఏ ఏడుగురు కూర్చున్నా, పెద్దాయన రాసిందే కోర్టు తీర్పు. మిగిలిన వాళ్ళు కింద సంతకాలు పెట్టేవారు.

*

పదిన్నరకి తలుపులు మూశారు. స్టెనోగారు జడ్జీల వేదిక మెట్టు కింద తన చిన్నబల్ల దగ్గర కూర్చుని అసలు ప్రతి తెరిచింది. జడ్జిగారు చదువుతుంటే ఆవిడ వేలు వాక్యాల వెంట నడవాలి. ఎక్కడైనా చదివింది ఒకటీ రాసింది ఒకటీ అయితే పక్కన గీత పెట్టాలి. ఇరవై ఆరేళ్ళలో అలాంటి గీతలు పట్టుమని పది పెట్టి ఉండదు.

పెద్ద జడ్జిగారు చదవడం మొదలుపెట్టారు. ఆవిడ వేలు నడుస్తోంది, మనసు మాత్రం లాయరు ఆఫీసు మెట్లెక్కుతోంది. యాభై ఎనిమిది. యాభై తొమ్మిది. అరవై. అరవై ఒకటి.

ఆయన పేజీ తిప్పి ఆగారు. గ్లాసు తీసుకుని రెండు గుక్కలు తాగారు. కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకున్నారు.

"అరవై మూడు," అన్నారు.

స్టెనోగారి వేలు అరవై రెండు మీద ఆగిపోయింది. తలెత్తి చూసింది. ఆయన కాగితంలోంచి తల ఎత్తలేదు. మొత్తం హాల్లో ఆ సంగతి తెలిసింది వాళ్ళిద్దరికే. ఆవిడ పెన్సిలు తీసి ఆ పేరా పక్కన నిలువు గీత గీసింది.

పెద్దాయన ముగించేసరికి హాల్లో ఒకవైపు మూలుగు, రెండోవైపు గుసగుస. కుదరదన్నారు. వెనక వరసలో ఎవరో ఆడపిల్ల వెక్కివెక్కి ఏడుస్తోంది. స్టెనోగారు అసలు ప్రతి మూసేయబోయింది.

అప్పుడు పక్కనున్న జడ్జమ్మగారు గొంతు సవరించుకున్నారు. "పెద్దలు చెప్పినదంతా గౌరవంతో విన్నాను. ఒప్పుకోలేకపోతున్నాను," అన్నారు. ఆవిడవి ఎక్కువ పేజీలు కూడా లేవు. కలిసి బతుకుతామన్న ఇద్దరికి చట్టం తలుపు వేసేస్తే, చట్టానికి కలిగే లాభం ఏమిటో ఎన్ని రోజులు వాదనలు విన్నా నాకు ఎవరూ చెప్పలేకపోయారు అన్నారు.

సరే, ఒకరు ఒప్పుకోలేదు అనుకుంది స్టెనోగారు. ఒకరివల్ల ఏమవుతుంది? మూడో జడ్జిగారు పెద్దాయన మాటే నా మాట అన్నారు. ఇద్దరయ్యారు. నాలుగో ఆయన నీళ్ళు నమిలినట్టు చాలాసేపు ఏదేదో చదివి, చదివి, చివరి వాక్యంలో జడ్జమ్మగారి వైపుకి వెళ్ళిపోయారు. ఇద్దరూ ఇద్దరూ. ఐదో ఆయన అందరికన్నా చిన్నవాడు, పొట్టివాడు. కుర్చీలో ముందుకు జరిగి, ఒకే ఒక్క కాగితం ఎత్తి పట్టుకున్నారు.

"పెళ్ళి చేసుకునే హక్కు ఇద్దరు మనుషులది. ఆ ఇద్దరూ ఎవరన్న దాన్ని బట్టి అది పోదు. జడ్జమ్మగారి తీర్పుతో నేను ఏకీభవిస్తున్నాను. ముగ్గురి మాట కాబట్టి ఇదే ఈ కోర్టు తీర్పు."

హాలు ఒక్కసారి గుప్పుమంది. నిశ్శబ్దం నిశ్శబ్దం అని బంట్రోతు అరుస్తున్నాడు గాని వాడి గొంతు వాడికే వినపడడం లేదు. తెలియనివాళ్ళు తెలియనివాళ్ళని కావలించుకుంటున్నారు. ఆ వార్త విని గుండె జారిపోయిన మనిషి ఆ వైపు మొత్తంలో స్టెనోగారు ఒక్కతే.

గెలిచారు. తను టైపు చేసింది అసలు తీర్పు కాదు, ఓడిపోయిన మాట. నాలుగు రోజులు దాన్నే తీర్పనుకుని మొహం మాడ్చుకుని తిరిగింది. ఆ మొహం చూసి కూతురు అర్థమైందంది. పదిన్నర దాటి రెండు గంటల పైనైంది. ఇంకాసేపు ఆగి ఉంటే గువ్వ వాళ్ళదే. సంతకం పెట్టేసి ఉంటే, గెలిచిన రోజునే పిల్లని చేజేతులా ఇచ్చేసుకున్నట్టు.

"అమ్మగారూ, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు బంట్రోతు.

"బాత్రూముకి వెళ్ళాలి."

వాడు పక్క తలుపు తీశాడు. ఆవిడ ఎడమవైపు తిరిగింది. "బాత్రూము కుడివైపండీ. అటు రికార్డు రూము," అన్నాడు. ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. వాడు గడ్డం గోక్కున్నాడు. "రికార్డు రూములో ఫోను పనిచేస్తోందండీ. పొద్దున్నే చూశాను," అని తలుపు వేసేశాడు.

*

ఈత టీచరు నంబరు మోగింది. మోగుతూనే ఉంది. దుమ్ము పట్టిన ఫైళ్ళ మీద చెయ్యి ఆన్చి నిలబడింది.

"అమ్మమ్మా!" అంది గువ్వ గొంతు. "నేను లిఫ్టు ఎక్కాను! నాలుగుసార్లు!"

"గువ్వా, పిన్ని ఏదమ్మా?"

"అందరూ అరుస్తున్నారు అమ్మమ్మా. వాచ్‌మన్ తాత రేడియో పెట్టాడు. నాకు పడవ కూడా ఉంది."

"కాగితం ఏదే? పెద్దపిన్ని జేబులో పెట్టుకుందే, ఆ కాగితం. ఎవరికైనా ఇచ్చారా?"

"చెప్పానుగా," అంది గువ్వ విసుక్కుంటూ. "అదే పడవ. పిన్ని చేసిచ్చింది. ఈత కొలనులో వదులుతాం."

స్టెనోగారు కుర్చీ కోసం తడుముకుంది. కుర్చీ దొరకలేదు. ఫైళ్ళ కట్ట మీదే కూర్చుండిపోయింది. అవతల ఫోను చేతులు మారిన చప్పుడైంది.

"అమ్మా! విన్నావా అమ్మా!" కూతురి గొంతు బొంగురుపోయి ఉంది.

"నేను అక్కడే ఉన్నానే. నువ్వు సంతకం పెట్టలేదా?"

"నా మొహం చూసి ఏదీ చెయ్యొద్దన్నావు కదమ్మా. చెయ్యలేదు."

స్టెనోగారు రిసీవరుని రెండో చెవికి మార్చుకుంది.

"నిజం చెప్పాలంటే పెన్ను తీశాను," అంది కూతురు. "నీ మొహం చూస్తే ఓడిపోయామని పాలు తాగే పిల్లలకైనా తెలుస్తుంది. లాయరు ఆఫీసు కిందిదాకా వచ్చి, పెన్ను మూత తీశాను. ఇదిగో, ఈవిడ నా చెయ్యి పట్టుకుంది. మీ అమ్మ ఒక మాట అనాలంటే మూడు రోజులు ఆలోచిస్తుంది, ఆవిడ మొహం అబద్ధమైనా ఆడుతుంది గాని నోరు ఆడదు, ఆవిడ చెయ్యొద్దంది కాబట్టి మనం చెయ్యొద్దు అంది. సరే అని మెట్ల మీద కూర్చున్నాం. ఊరికే కూర్చోలేకపోయాను. అక్కడ లిఫ్టు ఆరు నెలలుగా పడి ఉందట. విప్పి బాగుచేశాను."

"పదిన్నరకి?"

"పదిన్నరకి నేను లిఫ్టు గోతిలో ఉన్నానమ్మా. గ్రీజు చేతులతో సంతకం ఎలా పెడతాను?"

స్టెనోగారికి నవ్వొచ్చింది. నవ్వుతో పాటు ఏడుపూ వచ్చింది. రెండింటినీ కలిపి కొంగుతో తుడుచుకుంది. తీర్పు చదివేశారు. ఇప్పుడిక దాచాల్సింది ఏమీ లేదు. "ఒక మాట చెప్పనా? నేను పొద్దున్న పెట్టెయ్యండి అని చెబుదామనుకున్నాను. నోటిదాకా వచ్చింది," అంది.

అవతల లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడైంది.

"అయితే ఈ జన్మలో ఇంకెప్పుడూ నిన్ను సలహా అడగను," అంది కూతురు. ఇద్దరూ ఒకేసారి నవ్వారు.

"వాళ్ళ పెదనాన్న ఏమన్నాడే?"

"పైన లాయరు దగ్గరే ఉన్నాడు పాపం. రేడియోలో విని, మేం బాగుచేసిన లిఫ్టులోనే కిందికి దిగాడు. వచ్చి మా పక్కన మెట్ల మీద కూర్చున్నాడు. తరవాత, శనివారాలు నా దగ్గరికి పంపిస్తారా అని అడిగాడు. తమ్ముడి పిల్ల కదమ్మా. కాగితాలేమీ అక్కర్లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడొచ్చి తీసుకెళ్ళండి అన్నాను. గువ్వ ఆయనకి లిఫ్టు బటన్లు నేర్పిస్తోంది ఇప్పుడు."

"మంచిపని చేశావు."

"ఉండు, ఈవిడ మాట్లాడుతుందట."

ఫోను మళ్ళీ చేతులు మారింది. అటునుంచి ఊపిరి వినిపిస్తోంది. నీళ్ళలో దూకేముందు టీచరు అలాగే ఊపిరి బిగపడుతుందని కూతురు ఒకసారి చెప్పింది.

"అత్తయ్యా," అంది ఈత టీచరు. "ఏమైనా తిన్నారా?"

స్టెనోగారు కళ్ళు మూసుకుంది. "లేదమ్మా. ఇప్పుడు తింటాను," అంది.

*

మధ్యాహ్నం బల్లలు మళ్ళీ కలిశాయి. ఐదుగురు స్టెనోలూ కుర్చీలు ఈడ్చుకొచ్చి చుట్టూ కూర్చున్నారు.

"నాలుగు రోజులుగా నీ వీపు చూడలేక చచ్చాను," అంది జడ్జమ్మగారి స్టెనో, తన డబ్బాలో సగం ఆవిడ మూతలోకి తోసేస్తూ. "నా దగ్గర అవునని ఉంది. నీ వీపు చూస్తే కాదని ఉంది. మా అమ్మగారే ఓడిపోతారనుకున్నాను."

"నేనూ అంతే. మా అయ్యగారు ఓడిపోవడం ఇదే మొదటిసారి," అంది స్టెనోగారు. ఎంత ఆకలి వేసిందంటే, మూత కూడా తుడిచేసినట్టు తినేసింది. నవ్వుతూ తినేసింది. గేటు బయట డప్పులేవో మోగుతున్నాయి. కిటికీలోంచి చూస్తే రెండు గుంపుల మధ్య కట్టిన తాడు విప్పి, ఒక పోలీసు దాన్ని చుట్టగా చుడుతున్నాడు.

చెయ్యి కడుక్కుని తన బల్ల దగ్గరికి వచ్చేసరికి, షార్ట్‌హ్యాండ్ పుస్తకం మీద మడత పెట్టిన చీటీ ఉంది. పెద్ద జడ్జిగారి చేతిరాత. ఇరవై ఆరేళ్ళలో ఆయన ఆవిడకి చెప్పి రాయించినవి లక్ష పేజీలు ఉంటాయి గాని, తన చేత్తో ఆవిడకి ఒక్క ముక్క రాసింది లేదు. నిలబడే విప్పింది.

"అరవై రెండో పేరా నేను చదవలేదు. మీరు గీత పెట్టే ఉంటారు. ఆ గీత చెరపవద్దు. రేపు తొమ్మిదింటికి, కోర్టు మొదలవకముందే, నా గదికి రండి. మీ అమ్మాయినీ ఆ పాపనీ కూడా తీసుకురండి. ఆ పాప తల్లి గురించి మీరు వినాల్సింది ఒకటి ఉంది."

స్టెనోగారు చీటీని రెండోసారి చదివింది. తనకి కూతురుందని ఆయనకి తెలుసు. గువ్వ మాట మాత్రం ఆవిడ ఈ భవనంలో ఇంతవరకూ ఒక్కరితో కూడా అనలేదు.